చెరువు కింద పాత డ్రెయిన్

గుండుగొలను క్యాంపు, ఫిబ్రవరి 2004, మంగళవారం రాత్రి

మూడు వారాలుగా నేను నమ్మిన పల్లం ఇవాళ మాయమైంది. గ్యాస్ సర్వే కోసం చేపల చెరువు దగ్గర నేలలో పేల్చిన షాట్ల ప్రతిధ్వనులన్నీ ఒకదాని మీద ఒకటి కలిపి స్టాక్ చేస్తే, లోతులో రాతిపొర ఒకచోట కుంగినట్టు కనిపించేది. పొర తెగి జారింది, గ్యాస్ అక్కడే నిలుస్తుందని మా సర్వే చీఫ్‌గారితో గట్టిగా వాదించాను కూడా.

పొద్దున గట్టు మీద కేబుల్ తీయిస్తుంటే చెరువు యజమాని ఏసురత్నంగారు వచ్చారు.

"ఇదివరకు ఇక్కడ పెద్ద డ్రెయిన్ ఉండేదండీ. నాన్నగారూ నేనూ బురద పోసి పూడ్చేశామండీ," అన్నారు.

మెత్తటి పూడికలో శబ్దం నెమ్మదిగా నడుస్తుంది. బుద్ధి గడ్డి తిని, ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వనిని లోతు అనుకున్నాను! సాయంత్రం ఆ ఆలస్యాన్ని తీసేసి మళ్లీ స్టాక్ చేశాను. పొర గీత గీసినట్టు తిన్నగా, ఎన్నడూ లేనంత స్పష్టంగా వచ్చింది. నా పద్ధతిలో లోపం లేదు. అడగాల్సిన మనిషిని అడగలేదంతే.

రేపు చీఫ్‌గారికి నేనే చెబుతాను, భయం లేదు. ఒక్కటే గుబులు. గణపవరం సర్వే లైన్‌లోనూ ఇలాంటి పల్లమే చూపించాను. ఆ చేను ఎవరిదో గానీ, వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పల్లాన్ని నమ్మి పంపిన డ్రిల్లింగ్ రిగ్ నిన్ననే అక్కడికి చేరింది...