విధేయతకు అర్థం కోరుతూ

హెడ్మాస్టారు గారికి,

మీ బడి ఎదురుగా సైకిళ్ళు బాగుచేసేవాడు రాసుకునేది. ఐదో తరగతిలోంచి మీరు నిన్న ఇంటికి పంపిన పిల్ల నా మేనకోడలు.

పిల్లలంతా రోజూ మీరు రాసిచ్చిన బడి ప్రతిజ్ఞలో "నా దేశానికి విధేయంగా ఉంటాను" అంటారు కదండీ. విధేయత అంటే ఏమిటని మా పిల్ల ఇంట్లో అడిగింది. "మీ మామయ్యలో లేనిది" అంది మా ఆవిడ. నేనేమో, "సెలవు చీటీ చివర 'తమ విధేయురాలు' అని రాస్తావే, అదేనే" అన్నాను. నా చదువు ఆ చీటీల దాకానే సాగింది మరి.

అది, "అయితే రోజూ దేశాన్ని సెలవు అడుగుతున్నామా మామయ్యా?" అంది. మర్నాడు ప్రతిజ్ఞ కాగానే టీచరమ్మనీ అదే అడిగింది. వరసలన్నీ నవ్వాయి. మీరు వెక్కిరింత అనుకుని, క్షమాపణ పత్రం తెస్తేనే పరీక్షకు రానిస్తానన్నారు. వెక్కిరించడం మా ఇంట్లో నా పనండి, దానికి చేతకాదు.

పత్రం అంతా రాసింది. చివర 'తమ విధేయురాలు' దగ్గర ఆగిపోయింది. "రాస్తే అలా ఉండాలిగా మామయ్యా. అర్థం తెలీకుండా ఎలా ఉండను?" అంటోంది.

ఆ మాట బడి మొత్తం అరుస్తుంటే ఏళ్ళుగా వింటున్నాను. నిజంగా ఉందామనుకుని అడిగింది ఇదొక్కతే.

పరీక్ష సోమవారం. అర్థం మీకు తెలిస్తే ఒక్క ముక్క రాసి పంపండి, పత్రం పూర్తిచేయించి తెస్తాను. తెలియకపోతే పిల్లని ఊరికే రానివ్వండి. మీరూ అదీ కలిసి వెతుక్కోవచ్చు.

ఇట్లు,
ఆ పిల్ల మేనమామ