మందారం రాసిన మాట

మాచర్ల, ఆదివారం రాత్రి

ఆ ఇటలీ సినిమా చూసినందుకు కాదు నా సిగ్గు. అదైతే ఎవరికీ తెలియకపోతే పోయేది.

మధ్యాహ్నం విత్తనాల కొట్లో బేరాల్లేక, తెలుగు డబ్బింగ్‌లో ఉన్న ఆ శృంగారం, హత్యల సినిమాను ఫోన్‌లో చివరిదాకా చూశాను. తర్వాత దాని కింద జనం రాసిన అభిప్రాయాలు చదివాను. మగాళ్లంతా ఆ సీను ఎక్కడుందని అడుగుతుంటే, మందారం అనే పేరుతో ఎవరో ఇలా రాసింది: "ఆవిడ మొగుణ్ణి చంపింది ఆ కుర్రాడి కోసం కాదు. ఆ ఇంట్లో ఆవిణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవలా. చానా బాధేసింది."

నాకు ఒళ్లు మండింది. "సంసారులు చూసే సినిమానా ఇది? మీ ఇంట్లో మగాళ్లు లేరా?" అని కిందే రాసి పారేశాను. అది మా కొట్టు పేరుతో పడిందని చూసుకోలేదు.

ఇందాక నా భార్య సరోజ అన్నం వడ్డిస్తూ మెల్లగా అంది: "మా ఇంట్లో మగాళ్లున్నారు. కొట్లో కూర్చుని అదే సినిమా చూశారు."

గోంగూర ముద్ద కంచంలోనే వదిలేశాను. తిట్టినా బాగుండేది. పెళ్లయిన నాటి నుంచి ఆమెను నేను ఏమని పిలిచానో అప్పుడు గుర్తొచ్చింది.

కనీసం ఈ ఒక్కసారి పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచాను. ఇక్కడ రాసినంత తేలిగ్గా అది నోట రాలేదు.

"ఏమే, మంచినీళ్లు," అన్నాను.

తెచ్చి పెట్టి వెళ్లిపోయింది. చెంబు ఇంకా నా ముందే ఉంది.