గొడ్ల దిబ్బ మీది పక్షులు

గురజాల,
5 నవంబరు 1944

ప్రియమైన బావా,

నీ చెల్లెలు కృపామణి మొన్న శుక్రవారం పొద్దుగూకే వేళ పోయింది. తంతి ఇచ్చాను. నువ్వు నీలగిరి అడవుల్లో ఉన్నావని మీ కాలేజీ నుంచి జవాబు వచ్చింది. ఆగడానికి వీలులేకపోయింది. నువ్వు చూడలేకపోయిన ఆ రోజు ఎలా గడిచిందో రాస్తున్నాను.

ముందురోజు నరసరావుపేట డాక్టరు చూసి, పిచ్చికుక్క రోగం అన్నాడు. ఏ కుక్కా కరవలేదన్నాను. ఇంకే జంతువు నోట్లోనైనా చేయి పెట్టిందా అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది. శ్రావణంలో మా గేదె దూడ చొంగ కారుస్తూ, గొంతు బొంగురుపోయి అరిచింది. తాటిటెంక ఇరుక్కుందనుకుని కృప మోచేతిదాకా చేయి పెట్టి వెతికింది. టెంక లేదు. దూడ పళ్లు గీరుకుని వేళ్లు చీరుకుపోయాయి. పసుపు అద్దుకుని ఊరుకుంది. దూడ చచ్చిపోయింది. దాన్ని పిచ్చికుక్క కరిచిందని మాకెవరికీ తెలియదు. మనిషిని కుక్క కరిస్తేనే సూదులు వేయించుకోవాలనుకున్నాం. ఇప్పుడు సూదులు పనిచేయవు, ఇంటికి తీసుకువెళ్లండి అన్నాడు డాక్టరు.

శుక్రవారం పొద్దున కిటికీ మూయమంది. ముఖానికి గాలి తగిలితే గొంతు బిగుసుకుపోతోంది. నీళ్లు అడిగింది. చెంబు చూడగానే మెడ నరాలు తేలాయి. చెంబు నేనే బయట పెట్టాను. ఫాదరు గారు వచ్చారు. సత్ప్రసాదం నాలుక మీద పెట్టలేకపోయారు. పొరుగింటి దేవమ్మ కాళ్లు పట్టుకు కూర్చుంటే, "పిన్నమ్మా, నా ఎంగిలి నీకు తగలనీకు, దూరం జరుగు" అంది. మాట చివరిదాకా తేటగానే ఉంది. అదే నాకు కష్టమయింది.

మధ్యాహ్నం నన్ను పిలిచి, "పక్షులొచ్చినయ్యా?" అంది.

"ఏ పక్షులు?"

"దిబ్బ మీదికి."

జ్వరం మాట అనుకున్నాను. వచ్చాయన్నాను. కళ్లు మూసుకుంది. ఆ తరువాత నన్ను ఏమీ అడగలేదు.

నిన్న మన గుడి వెనక పూడ్చాం. ఇంతే.

శౌరి


మద్రాసు,
14 నవంబరు 1944

ప్రియమైన శౌరి బావకు,

కొండ దిగి వచ్చేసరికి బల్ల మీద నీ తంతి, దాని పక్కన నీ ఉత్తరం ఉన్నాయి. ముందు ఏది విప్పాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను.

చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే ఊరంతా లేచేలా ఏడ్చేది. అలాంటి పిల్ల ఆ రోజంతా నీళ్లు లేకుండా ఎలా ఓర్చుకుందో! గుంటూరు కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి నా చెల్లెల్ని నీకిచ్చానని నిన్ను ఆటపట్టించేవాణ్ణి. ఇక ఆ మాట అనలేను.

క్రిస్మసుకు వస్తాను. సమాధి చూడాలి. నువ్వు ఒక్కడివే వండుకుని తింటున్నావా? దేవమ్మను చూసుకోమను.

ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకు. పక్షుల మాట తప్ప చెల్లి ఇంకేమైనా చెప్పిందా? నా గురించి?

నీ దుఃఖంలో సగం నాది కూడా అయిన,
సుందరరావు


గురజాల,
27 నవంబరు 1944

ప్రియమైన బావా,

నీ గురించి ఏమీ చెప్పలేదు. నేను చెబుతాను, విను.

నిన్న గొడ్ల దిబ్బకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. ఆమె అడిగిందని కాబోలు. రెండేళ్ల కిందట తోడేళ్ల మీద పరిశోధనకని నువ్వు వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు ఆ దిబ్బ ఎలా ఉండేదో నీకు తెలుసు. ఊళ్లో చచ్చిన గొడ్డు దొడ్డి దాటితే పాలెం సొత్తు. మనవాళ్లు తాడు కట్టి లాక్కెళ్లి, తోలు తీసుకుని, మిగిలింది అక్కడ వదిలేవారు. ఆ తాడు నా భుజాన పడకూడదనే మా నాన్న నన్ను చదివించాడు. పొద్దున వదిలిన ఎద్దును రాబందులు మధ్యాహ్నానికి ఎముకలు చేసేవి. మా బడిపిల్లల్ని తీసుకెళ్లి చూపించేవాణ్ణి. ఊరిని కడిగిపెట్టే పక్షులు ఇవేరా అనేవాణ్ణి.

నువ్వేం చేశావు? గుండు దెబ్బ పడితే తోలు పాడవుతుందని, మ్యూజియంకు చక్కని తోళ్లు కావాలని, చచ్చిన గొడ్ల మీద ఆ తెల్లటి విషప్పొడి చల్లావు. తోడేళ్లు చచ్చాయి. నువ్వు తోళ్లు కట్టుకుని రైలెక్కావు. నువ్వు వెళ్లాక కూడా ఏడాదంతా దిబ్బ మీద పొడి పడుతూనే ఉంది. ఆ మాంసం తిని రాబందులు చెట్ల మీంచి రాలిపోయాయి. తినే దిక్కులేక గొడ్లు వారాల తరబడి కుళ్లాయి. ఆ కుళ్లు మీద కుక్కలు పెరిగాయి. ఎక్కడెక్కడి కుక్కలో! ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. వాటిలో ఒకటి మా దూడను కరిచింది. ఆ తరువాత సంగతి పోయిన ఉత్తరంలో రాశాను.

మిగిలిన పొడి మునసబు వెంకట్రామయ్యకు ఇచ్చి వెళ్లావు. ఆయనకు గొర్రెల మందలున్నాయి. మొహం మీదే అడిగాను.

"నాకెవుడిచ్చాడయ్యా? మీ బావ నాకు చిటికెడు పొడి ఇచ్చినోడు కాదు" అన్నాడు. అబద్ధం అంత సులువుగా ఆడతాడనుకోలేదు.

ఇంకా విను. ఇప్పుడు కుక్కల్ని చంపడానికి గుంటూరు నుంచి ఆ పొడే తెప్పిస్తున్నాడు. చచ్చిన పశువుల మీద చల్లడమే చవకైన మార్గమని అచ్చయిన నీ రిపోర్టు చేతిలో పట్టుకుని తిరుగుతున్నాడు. వద్దన్నాను. రచ్చ మీద అందరూ వినేలా, "ఏంది మాస్టారూ! కుక్క రోగంతో పెళ్లాం పోయె. నువ్వేమో కుక్కల తరఫున వకాల్తా పుచ్చుకుంటివి!" అన్నాడు. నవ్వారు కూడా.

దిబ్బ పక్క తాటిచెట్ల మీద మూడు రాబందులున్నాయి. ఈ నెలలోనే వచ్చినట్టున్నాయి. రెండు గూడు కడుతున్నాయి. పొడి పడితే అవీ పోతాయి. ఇక మళ్లీ రావు.

రిపోర్టులో రాసింది తప్పని, పొడి చల్లవద్దని మునసబుకు నీ చేత్తో రాసి పంపు. వెంటనే పంపు.

ఇప్పటికింకా నీ బావనైన,
శౌరి


మద్రాసు,
6 డిసెంబరు 1944

ప్రియమైన బావా,

నువ్వు కోపంలో ఉన్నావు. ఉండవలసిందే. కాని సైన్సు చదువుకున్నవాళ్లం. ఒక ఊరిని చూసి ఒక మాట తేల్చేయకూడదు. యుద్ధం వచ్చాక మేత లేక గొడ్లు ఎక్కువగా చచ్చాయి. కుక్కలు దానివల్ల పెరిగి ఉండవచ్చు. దూడను కరిచిన కుక్క ఏ ఊరిదో ఎవరు చూశారు? రాబందులకు ఏ రోగం తగిలిందో ఎవరు కోసి చూశారు? రిపోర్టు మా ప్రొఫెసరు గారి పేరుతో అచ్చయింది. ఇంత మాత్రానికి తప్పని రాస్తే నా ఉద్యోగం మాట అటుంచు, రాసినదాన్ని ఎవరూ నమ్మరు.

పొడి నాదే. నేను తెచ్చిందే. దాన్ని గురించి ఇంతకంటే నన్ను అడగకు.

తిట్టాలనిపిస్తే తిట్టు. క్రిస్మసుకు వచ్చి ఎదురుగా కూర్చుని పడతాను.

నీ మాట పడడానికి సిద్ధంగా ఉన్న,
సుందరరావు


గురజాల,
10 డిసెంబరు 1944

సుందరరావు గారికి,

ఋజువు కావాలన్నారు. గుడి వెనక ఉంది. తవ్వించమంటారా?

క్రిస్మసుకు రావద్దు. సమాధి చూడవద్దు. చెల్లెలి ప్రాణం కంటే ప్రొఫెసరు గారి పేరు పెద్దదైన మనిషి నా గుమ్మం తొక్కనక్కరలేదు.

కలెక్టరు గారికి అర్జీ రాస్తున్నాను. పొడి తెచ్చింది మీరు, ఏడాది పాటు చల్లింది మునసబు వెంకట్రామయ్య అని ఇద్దరి పేర్లూ పెడుతున్నాను. మీకు తెలియకుండా చేయడం నా పద్ధతి కాదు కనుక ఈ ఉత్తరం.

ఎం. శౌరి


మద్రాసు,
18 డిసెంబరు 1944

ప్రియమైన శౌరీ,

అర్జీ పంపకు. మునసబు నీకు అబద్ధం చెప్పలేదు. ఆయన ఒక్క చిటికెడు కూడా చల్లలేదు. చేయనివాడి పేరు నీ చేత రాయించలేను. అందుకే చెబుతున్నాను. లేకపోతే చచ్చేదాకా చెప్పేవాణ్ణి కాదు.

నేను రైలెక్కే ముందురోజు నువ్వు బడికి వెళ్లావు. చెల్లి వచ్చి సీసా ఇమ్మంది. దేవమ్మ మేకల్ని తోడేళ్లు ఒక్కొక్కటే ఎత్తుకుపోతున్న రోజులవి. ప్రమాదం, నీకు తెలియదు, వద్దన్నాను.

"నువ్వు చల్లితే తెలివి, నేను చల్లితే ప్రమాదమా? మీరిద్దరూ తోడేలు ఏ తోవన పోయిందో రాసుకుంటా కూర్చోండి అన్నయ్యా. పిన్నమ్మకి మిగిలినయ్యి రెండు మేకలు. అయ్యీ పోతే ఏం తింటది, మీ కాగితాలా?" అంది. ఇచ్చాను.

పక్షులు రాలడం మొదలయ్యాక నాకు ఉత్తరం రాసింది. సీసా పాతిపెట్టానని, పక్షులు మళ్లీ వస్తాయా చెప్పమని అడిగింది. నీకు చెప్పమన్నాను. "ఆయన పిల్లల్ని తీసుకుని ఉత్త దిబ్బ చూసి వచ్చిన రోజున అన్నం తినలేదు. చేసింది నేనే అని ఏ మొహంతో చెప్పను?" అని రాసింది. నా చేత ఒట్టు వేయించుకుంది.

నన్ను తిట్టుకుంటూ ఉంటే ఆమె నీకు మచ్చలేకుండా మిగులుతుందనుకున్నాను. అదీ కుదరలేదు.

మునసబుకు రాసిన కాగితం ఇందులో ఉంది. ప్రొఫెసరు గారికి కూడా అదే రాసి ఇచ్చాను. ఆయన నన్ను చూసే చూపు మారింది. మారనీ.

నువ్వు రమ్మంటే తప్ప రాని,
సుందరరావు


గురజాల,
28 డిసెంబరు 1944

బావా,

నీ ఉత్తరం చదివి దేవమ్మ దగ్గరకు వెళ్లాను. "నీకు తెలుసా పిన్నమ్మా?" అన్నాను. దేని గురించని అడగలేదు.

"తెలుసు నాయనా. నా మేకల కోసమేగా. చెప్పొద్దని చెయ్యి వేయించుకుంది."

"ఒక్క ముక్క నాతో అనొచ్చు కదా. అరిచి ఊరుకునేవాణ్ణి."

"నువ్వు అరిస్తే ఆ బిడ్డకి భయమేంది? అరవకండా గోడకేసి తిరిగి కూర్చుంటావే, దానికి చచ్చేది."

సమాధి దగ్గరకు వెళ్లాను. కోప్పడ్డాను. గట్టిగానే కోప్పడ్డాను. సమాధుల తోట చివర ఉన్న పనివాళ్లు తలెత్తి చూశారు. ఎందుకు చెప్పలేదన్నాను. చెప్పి ఉంటే దిబ్బ సంగతి ఇద్దరం చూసుకునేవాళ్లం కదా, పిచ్చికుక్కలు తిరుగుతున్నాయని దూడను కట్టేసేవాళ్లం కదా అన్నాను. వచ్చాయని నా చేత అబద్ధం ఆడించావే అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు. చాలా ఆలస్యంగా ఎత్తాను.

నీ మీద కోపం పోలేదు. సీసా ఇచ్చినందుకు ఒకటి, దాచినందుకు ఒకటి. అర్జీ మాత్రం పొయ్యిలో వేశాను.

ఈ సాయంత్రం నీ కాగితం పట్టుకుని మునసబు ఇంటికి వెళ్లాను. ముందు, అబద్ధమాడాడని అనుకున్నందుకు క్షమించమన్నాను. ఆయన కాగితం దీపం దగ్గర పెట్టి రెండుసార్లు చదివాడు.

"పోయినేడు మంచిదన్నాడు. ఈ యేడు చెడ్డదంటన్నాడు. ఏ సుందరరావుని నమ్మమంటావు మాస్టారూ?"

"రెండో ఆయన్ని. చెల్లెలు పోయాక రాసింది కనుక."

తరువాత కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "అదంతా నిజమే అయ్యుండొచ్చు. రేపు ఇంకో పిల్లని కరిస్తే ఊరు నన్నడుగుద్ది, నీ మూడు రాబందుల్ని అడగదు. నా ఎద్దు మధ్యాన్నం చచ్చింది. గుంటూరెళ్లిన కాంపౌండరు రేపు బస్సుకి పొడి తెస్తన్నాడు. దొడ్లోనే కోసి నింపి, దిబ్బకి పంపిస్తా. ఇక నువ్వెళ్లు."

ఆయన చెడ్డవాడు కాదు. అదే నాకు ఎక్కువ మంటగా ఉంది. కుక్కల సంగతికి వేరే దారి ఉంది. దుడ్డుకర్రలతో పట్టి చంపవచ్చు, కుళ్లు లేకుండా చూడవచ్చు. రోజులు పడతాయి. పొడి అయితే ఒక్క రాత్రి. ఒక్క రాత్రిలో తేలిపోవాలని నీకూ, ఆమెకూ, ఆయనకూ, అందరికీ తొందరే.

తిరిగి వస్తూ పాలెంలో ఆగాను. తోళ్లు తీసే దేవదాసును లేపి, దొడ్డి దాటిన గొడ్డు ఇప్పటికీ మనదేనా అని అడిగాను.

"మనదే అన్నా. దొడ్డి దాటించేదీ మనమే. మునసబైనా కాదనలేడు. ఏం, బీయ్యే చదివి ఇప్పుడు తోలు కొడతావా?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. "బస్సు రాకముందే లాగాల" అన్నాడు.

నాన్న తాడు అటక మీద నుంచి దించాను. ఎండిపోయింది కాని గట్టిగానే ఉంది. నూనె రాసి గుమ్మంలో పెట్టాను.

నువ్వు రా. ఎదురుగా కూర్చో. నిన్ను తిట్టాల్సింది ఇంకా ఉంది. ఆమెను గురించి మాట్లాడటానికి నాకు వేరే ఎవరూ లేరు.

రేపు పొద్దున్నే ఆ తాడు భుజాన వేసుకుని, దేవదాసు వాళ్లతో మునసబు దొడ్డికి వెళతాను. పాలెం సొత్తు పాలేనికి ఇమ్మని అడిగి, పొడి పడకముందే ఎద్దును దిబ్బకు లాగి, తోలు ఒలిపిస్తాను. ఆ తరువాత కర్ర పట్టుకుని దూరంగా నిలబడి, కుక్కల్నీ కాంపౌండర్నీ దగ్గరకు రానివ్వను, ఆ మూడు పక్షులూ తాటిచెట్లు దిగేదాకా.

శౌరి