మాను కొనన చెప్పని పేర్లు

నాయనా,

ఎవరితోనూ చెప్పుకోలేక నీకే రాస్తున్నాను. ఈ ఏడు మన ఊరి భారతం తిరునాళ్లలో అర్జునుడి వేషం నేను కట్టాను. అర్జునుడు శివుడి కోసం తపస్సు చేస్తూ ఎక్కే ఆ ఎత్తైన తపస్సు మాను ఎక్కడానికి, నువ్వు పోయాక ఎవరూ ముందుకు రాలేదు. "వాళ్ల నాయన ఎక్కిన మానే గదప్పా, వాడే ఎక్కుతాడులే" అని పెద్దలు తేల్చేశారు. నేనూ మీసం తిప్పాను.

బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడి చీరలతో మాను చుట్టూ బోర్లా పడుకున్నారు. నువ్వయితే మెట్టుకో పద్యం పాడుతూ కొన దాకా పోయి, అక్కడ వాళ్ల పేర్లన్నీ శివుడికి ఒక్కటీ తప్పకుండా చెప్పేవాడివి. నాకు అంత జ్ఞాపకం లేక చీటీ రాసుకుని నడుముకు దోపుకున్నాను.

సగంలో కిందికి చూశాను, ఇక పైమెట్టు ఎక్కలేకపోయాను. కొన మీద నుంచి ఆ ఆడవాళ్లకు ప్రసాదంగా విసరాల్సిన నిమ్మకాయలూ పూలూ అక్కడి నుంచే విసిరేసి దిగిపోయాను. ఊరంతా చూసింది, ఒక్కరూ నోరెత్తలేదు. అది నీ మీదున్న మర్యాద. చూడనిది ఆ ఆడవాళ్లే. ముఖాలు నేలకు ఆనించి ఉన్నారు కదా.

పూతలపట్టు నుంచి వచ్చిన ఒకామె నిమ్మకాయ కొంగున కట్టుకుని నా కాళ్లకు మొక్కింది. మోచేతులకు మట్టి అట్లాగే ఉంది.

"కొన మీద నా పేరు సెప్పినావు గదా సామీ?"

"చెప్పినానమ్మా" అన్నాను.

ఆమె పేరేమిటో చూద్దామని ఇంటికొచ్చి చీటీ విప్పాను. చెమటకు సిరా కరిగి పేర్లన్నీ ఒకటే మరకయ్యాయి.