ఆరు గంటల గొంతు

మార్చి 3

ఫిజియో అమ్మాయి డైరీ రాయమంది. మెదడుకి కాదట, వేళ్ళకట. అక్షరాలు తాగి నడుస్తున్నట్టున్నాయి. ఇరవై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో ఎంతమందికో స్టీరింగ్ పట్టుకోవడం నేర్పినదాన్ని. ఇవాళ స్పూను జారిపోయింది.

మార్చి 4

బతికాను. ఇంతకంటే రాయడానికి ఓపిక లేదు.

మార్చి 7

ఇవాళ మొత్తం రాసేస్తాను. మామూలు దగ్గే అనుకుని క్లాసులు మానలేదు. ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి పాకింది. పదకొండు రోజులు వెంటిలేటర్. అందర్నీ పిలిపించుకోండని డాక్టరు మా ఆయనతో రెండుసార్లు అన్నాడట. ఈయన ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే నిజమైపోతుందని భయమట.

ఆ పదకొండు రోజుల్లో నాకు గుర్తున్నది ఒక్క గొంతు. ఆడగొంతు, కాస్త బొంగురు. బకెట్టు చప్పుడుతో వచ్చేది. లే తల్లీ అనేది. ఎంతసేపు పడుకుంటావు, బస్సు నీ కోసం ఆగుతుందా అనేది. మొహం కడుక్కో, ఏదన్నా తిను, తలుపు సరిగ్గా వెయ్యి అనేది. నాకు బస్సెందుకో అర్థమయ్యేది కాదు. కానీ అంత గట్టిగా చెబుతుంటే లేవకపోతే బాగుండదనిపించేది. నన్నలా కసిరినవాళ్ళు లేరు. అందరూ నా చేత తిట్లు తిన్నవాళ్ళే.

కళ్ళు తెరిచాక నర్సుని అడిగాను. పొద్దున్న ఆరింటికి ఐసియూ తుడిచే ఆవిడై ఉంటుందంది.

మార్చి 8

ఆసుపత్రికి ఉత్తరం రాశాను. మూడు పేజీలు. ఆవిడ అన్న మాటలన్నీ పొల్లుపోకుండా పెట్టాను. స్పృహలేని మనిషితో కూడా మాట్లాడిన ఏకైక మనిషి అని రాసి కింద గీత గీశాను. మా ఆయన చదివి కళ్ళు తుడుచుకుని, నేనూ రోజూ మాట్లాడేవాణ్ణి అని గొణిగాడు. మీది వినపడలేదు లెండి అన్నాను. పాపం.

మార్చి 15

ఆవిడ మా ఇంటికొచ్చింది.

గుమ్మంలో గొంతు వినగానే లేవబోయి కుర్చీలో కూలబడ్డాను. నాకంటే చిన్నది, సన్నగా ఉంది. చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. నా ఏడుపు అయ్యేదాకా ఓపిగ్గా నిలబడింది. అప్పుడు మెల్లగా, నేను మీతో మాట్లాడలేదమ్మా అంది.

ఫోన్లో కూతురితో మాట్లాడేదట. టోపీ కింద ఇయర్‌ఫోన్. ఇంట్లో ఉండేది ఇద్దరే. తను అయిదింటికే డ్యూటీకి రావాలి, ఆ పిల్లకేమో చెవి పక్కన డ్రమ్ము కొట్టినా మెలకువ రాదు. పదో తరగతి, బస్సు ఆరూముప్పావుకి. అందుకని నేల తుడుస్తూ లేపేది. ఐసియూలోకి ఫోన్ తీసుకురాకూడదు. నర్సులు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. నా ఉత్తరాన్ని మేనేజరు మీటింగులో చదివాడట. అందరూ చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత ఎవరో బస్సేమిటి, తలుపేమిటి అని అడిగారట.

ఫోన్ తెచ్చిందన్న అనుమానంతో ఇప్పుడావిడని పనిలోంచి ఆపేశారు. సోమవారం విచారణ.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక్కటే అడిగింది. మందుల మత్తులో అదంతా నా భ్రమ, నిజానికి ఏ గొంతూ వినపడలేదు అని ఇంకో ఉత్తరం రాసివ్వమంది.

మార్చి 15, సాయంత్రం

రాయలేను. ఆ గొంతు నాది. నాతో కాకపోతే పోనీ, వినపడింది నాకు. దాన్ని పట్టుకునే పైకొచ్చాను. అది లేదని నా చేత్తో నేనే రాస్తే ఇంక నాకు మిగిలేదేమిటి?

మా ఆయన్ని అడిగాను. నువ్వు బతికింది ఆవిడ ఉద్యోగం తియ్యడానికా అన్నాడు. పాతికేళ్ళలో ఈయన ఇంత సూటిగా మాట్లాడటం ఇదే. వెంటనే భయపడి టీ పెట్టడానికి వెళ్ళిపోయాడు.

మార్చి 16

రాశాను. అయిదు లైన్లు. నాకేమీ వినపడలేదు అని. అక్షరాలు మళ్ళీ తాగి నడిచాయి. జబ్బు వల్లే అనుకుంటారు.

మార్చి 17

విచారణకి నేనూ వెళ్ళాను, వీల్‌చెయిర్లో. మేనేజరు ఉత్తరం రెండుసార్లు చదివి, నిజంగా ఏమీ వినపడలేదా అని అడిగాడు. లేదన్నాను. వెంటిలేటర్ మీదున్న పేషెంట్లకి ఇలాంటి భ్రమలు మామూలేనన్నాడు డాక్టరు. హెడ్ నర్సు గోడ గడియారం చూస్తూ కూర్చుంది. రేపట్నుంచి ఆవిడని డ్యూటీకి రమ్మన్నారు. ఫోన్ మాత్రం గేటు దగ్గరే ఇచ్చేయాలి.

కారిడార్లో ఆవిడ నా భుజం మీద చెయ్యేసింది. మొహంలో సంతోషం లేదు. ఏమైందంటే, రేపు పిల్లని ఎవరు లేపుతారమ్మా అంది.

నంబరు చెప్పు అన్నాను.

మార్చి 18, ఉదయం 6:00

నాలుగోసారికి ఎత్తింది. లే అన్నాను. మీరెవరంది. నిన్ను లేపే మనిషినన్నాను. పెట్టేసింది. మళ్ళీ చేశాను. క్లచ్చు తొక్కకుండా గేరు మార్చేవాళ్ళ కోసం దాచుకున్న గొంతు బయటికి తీశాను. దెబ్బకి లేచి కూర్చుంది. జబ్బుపడ్డాక అరవడం ఇదే మొదటిసారి. దగ్గొచ్చింది. ఎంత హాయిగా ఉందో.

మార్చి 24

ఆసుపత్రి నుంచి వచ్చాక రోజు ఎందుకు తెల్లారుతోందో తెలిసేది కాదు. మంచం, కుర్చీ, మందులు, మళ్ళీ మంచం. చూడ్డానికొచ్చినవాళ్ళంతా అదృష్టవంతురాలివి అంటుంటే ఒళ్ళు మండేది. ఆ అదృష్టాన్ని ఏం చేసుకోవాలో ఒక్కరూ చెప్పరు.

ఇప్పుడు ఆరింటికి నాకు పనుంది. నేను లేవకపోతే ఒక పిల్లకి బస్సు తప్పుతుంది. అంతే. నాకది చాలు.

ఏప్రిల్ 2

పరీక్షలు మొదలు. వెళ్ళింది. బాగా రాసిందట. చెమటలు నాకు పట్టాయి.

ఏప్రిల్ 9, ఉదయం 6:40

నాకే మెలకువ రాలేదు. పద్నాలుగు మిస్డ్ కాల్స్. ఎత్తేసరికి అవతల ఆ పిల్ల ఏడుస్తోంది. తనంతట తనే లేచిందట. ఆరు దాటినా ఫోన్ రాకపోయేసరికి నాకేదో అయిపోయిందనుకుందట. బతికే ఉన్నానన్నాను. బస్సుకి టైమైంది, పరిగెత్తు అన్నాను.

ముందు మీరు ఇంకాసేపు మాట్లాడండి ఆంటీ అంది.