వెనక సీటు బెల్టు

5 జూన్ 2006, సోమవారం

కొత్త పని వచ్చింది. మేనేజర్ వరప్రసాద్ గారు పిలిచి, మన శబరి లింక్‌కి ఎనిమిదేళ్లు నిండుతున్నాయమ్మా, పది నిమిషాల ఫిల్మ్ తీస్తున్నాం, స్క్రిప్టు నువ్వే రాయాలి అన్నారు.

ఎయిర్ హోస్టెస్‌గా చేరినదాన్ని. ఎనిమిది నెలలుగా జూబ్లీహిల్స్ ఆఫీసు మూడో అంతస్తులో బ్రోషర్లు రాస్తున్నాను. బాండు ఇంకా రెండేళ్లుంది. నా సర్టిఫికెట్లు వాళ్ల లాకర్లో ఉన్నాయి.

8 జూన్

ఫైళ్లన్నీ తిరగేశాను. శబరి ఎయిర్‌వేస్ పెద్ద నగరాలకు తిప్పుతుంటే, చిన్న ఊళ్ల కోసం 1998లో మా పిల్ల కంపెనీని పెట్టారు. అప్పుడు అద్దెకు తెచ్చిన ఒకే ఒక్క విమానం, బేగంపేట నుంచి రాజమండ్రికి ఒకే ఒక్క రూటు. ఇప్పుడు ఐదు విమానాలు, అన్నీ నలభై ఎనిమిది సీట్ల ప్రొపెల్లర్లవే. విజయవాడ, తిరుపతి, వైజాగ్ కూడా కలిశాయి.

మధ్యలో మూసేద్దామనుకున్నారట. సాఫ్ట్‌వేర్ పిల్లలు నిలబెట్టారు. శుక్రవారం సాయంత్రం ఊరికి వెళ్లి, సోమవారం మొదటి ఫ్లైటులో మెడలో ట్యాగుతోనే తిరిగొచ్చేవాళ్లు. ఎక్కగానే నిద్ర. ఆ ఫ్లైటులో డ్యూటీ అంటే నాకు ఎంత ఇష్టమో.

రాత బాగా వస్తోంది. అదే భయంగా ఉంది.

9 జూన్

సేఫ్టీ పేజీ ఖాళీగా వదిలేశాను.

12 జూన్

వరప్రసాద్ గారే నింపి పంపారు. ‘ఎనిమిదేళ్లలో ఒక్క ప్రమాదం లేదు, ఒక్కరికీ గాయం కాలేదు.’

మరి నాగేశ్వరి సంగతి ఏంటి సార్ అని అడిగాను. ఆ అమ్మాయి అజాగ్రత్తకు కంపెనీ ఏం చేస్తుంది, ఆ మాట రాసిచ్చింది మీరే కదండీ పద్మప్రియ గారూ అన్నారు. కోపం వస్తేనే ఆయన నన్ను అండీ అంటారు.

13 జూన్, ఉదయం 5 గంటలు

ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇక్కడైనా రాయాలి.

నిరుడు అక్టోబరు. రాజమండ్రిలో జోరువాన. దిగుతూనే విమానం రన్‌వే పక్కకు జారి, బురదలో దిగబడి ఆగింది. ప్రయాణికులందరూ క్షేమం. నేను ముందున్న క్రూ సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాను. నాతో డ్యూటీలో ఉన్న నాగేశ్వరి వెనక క్రూ సీట్లో, నాకెదురుగా. ఆ వెనక సీటు బెల్టు లాకు సరిగా పట్టడం లేదని వారం ముందే మేమిద్దరం లాగ్‌బుక్‌లో రాశాం. ఎవరూ మార్చలేదు. ఆమె బెల్టు పెట్టుకోవడం చూశాను. రెండుసార్లు లాగి చూసుకోవడం కూడా చూశాను. కుదుపుకు లాకు ఊడిపోయింది. ఆమె ఎగిరి వచ్చి సీట్ల మధ్య పడింది. నడుము విరిగింది.

మర్నాడు నా ముందు ఒక కాగితం పెట్టారు. దిగేటప్పుడు నాగేశ్వరి లేచి నిలబడి ఉందని అందులో ఉంది. మా నాన్న ఈ కంపెనీలోనే సిబ్బంది వ్యాను నడుపుతాడు. ఎవరూ బెదిరించలేదు. నాన్న కులాసానా అని అడిగారంతే.

సంతకం పెట్టాను.

18 జూన్, ఆదివారం

ఎర్రగడ్డ వెళ్లాను. నాగేశ్వరి వాళ్లన్న ఇంట్లో కింది గదిలో ఉంటోంది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. తిడుతుందనుకున్నాను. చాయ్ తాగుతవా అంది. నువ్వు రాసిచ్చిన కాయితం నాకు గూడ చూపెట్టిండ్రు అంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని అడిగింది.

“పద్మా, నేను నిజంగనే నిలబడ్డనా? నాకు యాదికొస్తలేదు. అందరు గట్లనే అంటున్నరు. రోజు పండుకొని అదే సోచాయిస్త. ఎందుకు లేచిన్నే నేను?”

చాయ్ తాగి వచ్చేశాను.

19 జూన్

తాగి వచ్చేశాను!

26 జూన్, మధ్యాహ్నం

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్. నా గొంతు బాగుంటుందని నన్నే చదవమన్నారు. మందపాటి తలుపు మూయగానే టేకాఫ్‌లో లాగా చెవులు దిబ్బడేశాయి. రూట్లు చదివాను, విమానాల గురించి చదివాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏడు టేకులు తిన్నాను. అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు, జర నీళ్లు తాగుండ్రి మేడమ్ అన్నాడు.

ఎనిమిదోది ఓకే అయింది. తిరిగి వినిపించారు. ఎంత నమ్మకంగా చెప్పానో.

27 జూన్

నాన్నకు అంతా చెప్పేశాను. కలుపుతున్న అన్నంలో చెయ్యి ఆగిపోయింది.

“నా నౌకరి కోసమా బిడ్డా?”

తలూపాను. కంచం పక్కకు జరిపాడు.

“ఆమెను హైదరాబాద్ తెచ్చిననాడు అంబులెన్సుల పక్కన కూసున్నది నేనే. దవాఖాన దాంక బెల్టు ఊడింది, బెల్టు ఊడింది అన్కుంటనే ఉండె. ఎవ్వలకు చెప్పలే. నీ నౌకరి పోతదని.”

ఒకే ఇంట్లో, ఒకరి కోసం ఒకరం అదే మాట దాచుకుని ఎనిమిది నెలలు అన్నం తిన్నాం.

28 జూన్

విమానాల భద్రత చూసే ఢిల్లీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు చేశాను. నేను చూసింది, సంతకం ఎందుకు పెట్టానో అది, అంతా రాశాను. కింద నాన్న తను విన్నది నాలుగు ముక్కలు రాసి, వెంకటనర్సయ్య అని సంతకం పెట్టాడు. కాపీ ఒకటి ఎర్రగడ్డకు తీసుకెళ్లి నాగేశ్వరి చేతికిచ్చాను. ఈసారి చాయ్ ఇవ్వలేదు. ఇగ పో అంది.

14 జూలై

ఢిల్లీ నుంచి ఇద్దరు వచ్చారు. లాగ్‌బుక్‌లో మేం రాసిన పేజీ దొరికింది. ఆ విమానంలో ఇవాళ్టికీ అదే లాకు! విమానాన్ని ఎగరకుండా ఆపేశారు. ఫిల్మ్ కూడా ఆగింది.

నాన్నను వ్యాను తాళాలిచ్చి వెళ్లమన్నారు. నన్ను మాత్రం తీసేయలేదు. బాండు ప్రకారం రోజూ తొమ్మిదింటికి రావాలట. ఒక బల్ల ఇచ్చారు. పని లేదు, ఫోను లేదు, పలకరించే మనిషి లేడు. నిన్న లిఫ్టులో వరప్రసాద్ గారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. మూడంతస్తులూ అలాగే.

ఇలా ఇంకా రెండేళ్లు.

6 ఆగస్టు, ఆదివారం

నాగేశ్వరి ఫోన్ చేసింది. తను లేచి నిలబడలేదని నేను రాసిన ఆ కాపీని రోజూ పొద్దున్నే ఒకసారి చదువుకుంటోందట. ఇవాళ చదవడం మర్చిపోయిందట. అది చెప్పడానికే చేసింది.