గుండీల పోకర్

మార్చి 4, సోమవారం

ఇంటికొచ్చాను. మాట ఉంది, చెయ్యి ఆడుతోంది, రాయగలుగుతున్నాను. ఇంతమాత్రం మిగిలినందుకే ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియడం లేదు.

పోయినవి అంకెలు. మాటలున్న చోటు వదిలేసి లెక్కలున్న చోట రక్తం గడ్డకట్టిందని డాక్టరు స్కాన్ చూపించి చెప్పారు. ఏడూ నాలుగూ ఎంత అని అడిగితే కిటికీ వైపు చూశాను. ఎవరికి ఏ ప్రమాదం ఎంతవరకు రావచ్చో లెక్కకట్టి, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇన్నేళ్లు జీతం తీసుకున్న మనిషిని. పైన తేదీ కూడా క్యాలెండర్ చూసి దింపుకున్నాను. సెలవు ఈ నెలాఖరు వరకే.

మార్చి 6

థెరపిస్ట్ అమ్మాయి పేకాట ఆడమంది. సాయంత్రం తమ్ముడు కట్ట పట్టుకుని దిగాడు. వాడు సెకండ్ హ్యాండ్ కార్లు అమ్ముతాడు. పోకర్ అంటే ఎదుటివాడి మొహం అని వాడు, కాదు లెక్క అని నేను, మా పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ కొట్టుకుంటున్నాం. ఎక్కువసార్లు గెలిచింది నేనే. కాలిక్యులేటర్ అని పిలిచేవాడు. ఇవాళ ఆ పేరు నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

డబ్బులతో కాదు, పాత డబ్బాలోని చొక్కా గుండీలే పందెం. వాడి మొహం చూస్తూ ఆడాను. గెలిచాను.

మార్చి 7

మళ్ళీ గెలిచాను.

మార్చి 9

మళ్ళీ. లెక్క రాని మనిషి వరసపెట్టి గెలుస్తోందంటే, ఇన్నేళ్ల వాదనలో వాడిదే నిజమన్నమాట. ఒప్పేసుకున్నాను. వాడు తలూపాడు గానీ సంబరపడలేదు.

మార్చి 11

ఫోన్ వస్తే వాడు బాల్కనీలోకి వెళ్ళాడు. ఓడిపోయానంటూ బోర్లా పడేసిన వాడి ముక్కలు తిప్పి చూశాను. చేతిలో రెండు రాజులు. మూడో రాజు, ఇద్దరికీ చెల్లేలా బల్ల మీద పరిచిన ముక్కల్లోనే ఉంది. నా దగ్గర చెప్పుకోవడానికి ఒక్క ఆసు. మూడు రాజులున్నవాడు అలా ఆట వదిలేయడు.

తిరిగొచ్చాక అడిగాను. నువ్వు నవ్వుతుంటే చూడాలనిపించిందక్కా అన్నాడు. రేపట్నుంచి రావద్దన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన గుండీలేరి డబ్బాలో పోశారు. నన్ను తిట్టినా బాగుండేది.

మార్చి 12

కోపం.

మార్చి 15

వేళ్ళు వాడుకోండి, ముక్కలు ముట్టుకుని లెక్కపెట్టండి, సిగ్గెందుకండీ అంది థెరపిస్ట్ అమ్మాయి.

పొద్దున్నే మా ఆయన మంచం మీద ఆఠీన్ ముక్కలన్నీ పరిచారు. ఆయనకి పేకాట రాదు. ఆఠీన్‌ని ఎర్ర గుండెలు అంటారు. రెండు తీసేసి, మిగిలినవి ముట్టుకుంటూ లెక్కపెట్టాను. తప్పు. మళ్ళీ పరిచారు. తప్పు. మీ ఆఫీసుకి ఆలస్యమవుతోందని నేనే అన్నాను. అవనీ అన్నారు. చివరికి పదకొండు వచ్చింది. ఆయన టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్ళారు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నాడని ఇన్నాళ్ళూ తీరిగ్గా అనుకోనేలేదు.

మార్చి 18

తమ్ముడికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. రమ్మన్నాను, కానీ కారు కొనడానికొచ్చినవాడితో ఎలా ఉంటావో నాతోనూ అలాగే ఉండాలన్నాను. అయితే తర్వాత ఏడవకూడదు అన్నాడు.

మార్చి 19

ఊడ్చేశాడు.

చివరి ఆటలో చేతిలో ఎందుకూ పనికిరాని ఒక రెండూ ఒక ఏడూ పెట్టుకుని, రాజ్యమంతా తనదైనట్టు కూర్చుని గుండీలన్నీ ముందుకు తోశాడు. భయపడి జోడీ రాణులు పారేశాను. అప్పుడు ముక్కలు తిప్పి చూపించి పళ్ళికిలించాడు. మా ఆయన చూడలేక వంటింట్లోకి వెళ్ళారు.

నాకు మాత్రం ఆకలేసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అడిగి పెట్టించుకుని తినడం ఇదే మొదలు. జాలిపడాల్సిన మనిషిని ఎవరూ బ్లఫ్ చెయ్యరు.

మార్చి 24, ఆదివారం సాయంత్రం

నా చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీది నాలుగు ముక్కల్లో ఇంకో రెండు. ఇంకొక్క ముక్క పడాలి. అది ఆఠీన్ అయితే ఐదు ఆఠీన్లవుతాయి, ఆట నాది. వాడు మళ్ళీ పందెం కాశాడు. ఉండాలా, వదిలెయ్యాలా?

వాడి మొహం చూశాను. గోడలా ఉంది. సరే అని వేళ్ళు బయటికి తీశాను. ఆఠీన్లు పదమూడు. నాలుగు కనిపిస్తున్నాయి, తొమ్మిది మిగిలాయి. యాభై రెండులో నా రెండూ బల్ల మీది నాలుగూ పోగా, నాకు కనిపించని ముక్కలు మొత్తం నలభై ఆరు. దీనికి చాలాసేపు పట్టింది. డబ్బాలోంచి నలభై ఆరు గుండీలు తీసి తొమ్మిదేసి చొప్పున కుప్పలు పేర్చాను. ఐదు కుప్పలయ్యాయి, ఒక గుండీ మిగిలింది. అంటే ఐదింట ఒకసారి దగ్గర దగ్గర నా ముక్క పడుతుంది.

ఆటలో ఉండాలంటే నేను పెట్టాల్సినంతకి ఆరింతల పందెం మధ్యలో ఉంది. నాలుగుసార్లు పోయినా ఒక్కసారి వస్తే చాలు. వాడి కాఫీ చల్లారిపోయింది. వాడు తొందరపెట్టలేదు, సాయం చెయ్యలేదు, గడియారం చూడలేదు. అంతసేపు ఊరుకోవడం వాడి నైజం కాదు.

కాల్ అని నా గుండీలు ముందుకు తోశాను.

ఇస్పేటు పడింది.

వాడు రెండు చేతులా గుండీలు లాక్కున్నాడు. ఎందుకున్నావక్కా అని అడిగాడు. ఐదింట ఒకటని చెప్పాను. మరి ముక్క రాలేదుగా అన్నాడు. లెక్క ముక్కని తెప్పించదురా, దానికోసం ఎంత పెట్టొచ్చో చెబుతుందంతే అన్నాను. ఆ పెట్టేవాడి మొహం చూస్తేనే నాకు తెలిసిపోతుంది అన్నాడు. నీ మొహం అన్నాను. కాలిక్యులేటర్ మళ్ళీ మొదలెట్టింది అని మా ఆయనతో అన్నాడు.

ఆ పేరు వినగానే కళ్ళు నిండాయి. ఏడవకూడదన్న షరతు తప్పాను. వాడు చూడనట్టు ముక్కలు కలిపాడు.

మార్చి 27

ఆఫీసు నుంచి మా ఆఫీసరు ఫోన్ చేశారు. మళ్ళీ వచ్చే చాన్స్ ఎంతమ్మా అని అడిగారు.

తెలియదు సార్ అన్నాను. ఆ మాట భయం లేకుండా వచ్చింది. ఒకటో తారీకు నుంచి రోజుకి కాసేపు చొప్పున కూర్చుని చూస్తానన్నాను. వేళ్ళు వాడుకోనిస్తారా అని కూడా అడిగాను.